తలుపు జేబు మీద కుట్టు

మూడుదార్లలో దిష్టి తీసి పడేసిన నిమ్మకాయలను జనం తప్పుకుని నడుస్తారు. నేను వాటిని ఏరుకొచ్చి కార్ల డయళ్ళ చుట్టూ ఉండే ఇత్తడి రింగులు తోముకునేవాణ్ణి. మంచివి దొరికితే షర్బత్ కూడా చేసుకుని తాగాను. గాలీ ధూళీ విషయంలో నేనెలాంటి మనిషినో మీకు తెలియాలని ఇది ముందే చెబుతున్నా. ఇప్పటికీ అలాంటి మనిషినే. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

మాది ధర్మవరంలో నేతపని ఇల్లు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం నాకు చిన్నప్పట్నుంచీ పడలేదు. బెంగళూరు పోయి కార్ల లోపలి పని నేర్చుకున్నాను. సీట్లు, గుడ్డ టాపులు, తలుపుల లోపలి బట్ట, డ్యాష్‌బోర్డు కొయ్యపని, అన్నీ. యాభైల చివర్లో హిందూపురంలో రేకుల షెడ్డు వేసుకున్నా. ముందు షెడ్డు, వెనక ఇల్లు. ఇంట్లో నేనూ నా భార్య నాగమ్మా ఇద్దరమే.

అరవైల మొదట్లో ఒక ఎండాకాలం, పెనుకొండలో ఒక కలిగినవాళ్ళ ఇంటి నుంచి ఒక కారును లారీ వెనక మోకు కట్టి లాక్కొచ్చారు. యుద్ధానికి ముందటి ఇంగ్లండు బండి. రెండు తలుపులు, మడిచి వెనక్కి వేసే టాపు. ఇరవై ఏళ్ళుగా శెనక్కాయల కొట్టంలో పడుంది. టాపు అప్పడంలా విరిగిపోతోంది. వెనక సీట్లో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి.

స్టీరింగు పట్టుకుని కూర్చుని వచ్చినవాడు ఓబులేసు, ఆ ఇంటి పాత డ్రైవరు. లారీలో వచ్చింది సులోచనమ్మ, ఆ ఇంటి ఆడపిల్ల. ఇరవై ఏళ్ళుంటాయి. అయిదో నెల గర్భిణి. ముందటేడు వాళ్ళ నాయన పోతే, ఎవరికీ అక్కర్లేని ఈ బండిని ఆమె అడిగి తీసుకుంది.

"ఇంజను సంగతి తర్వాత చూసుకుంటాం. లోపలంతా మునుపు ఎట్లుండెనో అట్ల చేసియ్యి మేస్త్రీ. ఇది మా అమ్మ నడిపిన బండి" అంది.

ఆమె నాగమ్మ దగ్గర మంచినీళ్ళు తాగుతుంటే ఓబులేసు నాకు మిగతా కథ చెప్పాడు. సులోచనమ్మకు పది నెలలప్పుడు వాళ్ళమ్మ అత్తతో పడక, ఒక తెల్లవారుజామున ఈ కారు తనే నడుపుకుంటూ ధర్మవరం స్టేషనుకు పోయింది. కారు ఆడనే వదిలేసి బళ్ళారి వైపు పుట్టింటికి రైలెక్కింది. మూడేళ్ళకు అక్కడే జ్వరంతో పోయిందని జాబు వచ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె పేరు ఎత్తరు. ఫోటో కూడా లేదు. స్టేషను నుంచి వెనక్కి తెచ్చిన కారును కొట్టంలో పడేశారు.

సులోచనమ్మ నాగమ్మతో చెప్పుకున్నది ఇంకొకటి. "పాలు తాగే బిడ్డను పారేసి పోయినాది మీయమ్మ అని మా అవ్వ నన్ను పెంచినన్ని దినాలూ చెప్పింది. నువ్వూ ఆ రక్తమే అంటాది. కడుపులో బిడ్డ కదిలినప్పుడంతా నాకు అదే గుర్తొస్తాది. నేనూ అట్లనే పోతానేమో అక్కా" అందట. నాగమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. నాకైతే ఆ ముసలామె మీద కోపం వచ్చింది.

పని మొదలుపెట్టాను. డ్యాష్‌బోర్డు మీద అంటించిన పల్చటి కొయ్యపొర అంచుల్లో లేచిపోయింది. దాని కిందికి సూదితో బంక ఎక్కించి, పైన తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో అణిచాను. తర్వాత లక్క పాలిష్, పన్నెండు పూతలు. పూతకూ పూతకూ మధ్య దుమ్ము పడకూడదు కాబట్టి షెడ్డు తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. డయళ్ళ మీద అంకెలు చెరిగిపోతే ఉడుత వెంట్రుకల కుంచెతో దిద్దుకున్నాను.

పాత సీటు విప్పే ముందు దాని మీద కూర్చుని చూడడం నా అలవాటు. ఎవరి బరువు ఎక్కడ పడిందో పీచు చెబుతుంది. ఈ సీటు ముందు అంచు దగ్గర మాత్రమే నలిగింది. నడిపిన మనిషి సన్నటి మనిషి, కాళ్ళు అందక ముందుకు జరిగి కూర్చునేది. పీచూ గుర్రపు వెంట్రుకలూ అదే లెక్కన కూరాను.

ఇక తలుపులు. ఎడమ తలుపు లోపలి అట్టకు ఒక జేబు ఉంది. జేబు సంచి అట్ట వెనక, తలుపు బోలులోకి వేలాడుతుంది. పాత బట్ట ఊడదీస్తే ఆ జేబు నోరు తెల్లదారంతో కుట్టేసి ఉంది. ఇంట్లో రవికెలు కుట్టుకునే దారం. సంచి చినిగిపోతే ఎవరో మూసేసి ఉంటారనుకున్నా. అట్ట గట్టిగానే ఉంది కదా అని దాన్ని విప్పకుండా, పైన కొత్త రెక్సిన్ రెండు ముక్కలుగా వేసి, సరిగ్గా ఆ జేబు మీదుగా చేతికుట్టు వేశాను. అట్ట విప్పి చూడాలి. అది పని పద్ధతి. బద్ధకించాను, దాచుకోవడానికేమీ లేదు.

మర్నాడు పొద్దున షెడ్డు తెరిస్తే ఆ కుట్టు మొత్తం విప్పి ఉంది.

తెగలేదు. నేను వేసిన రెండు ముళ్ళూ విడిపోయి, నాలుగు మూరల మైనం దారం ఒక్క పోగుగా బయటికొచ్చి, చిన్న చుట్టగా చుట్టి సీటు మీద పెట్టి ఉంది. చుట్ట నడుముకు దారం చివర తిప్పి బిగించి ఉంది.

అది చూడగానే నాకు నాగమ్మే గుర్తొచ్చింది. మా నేత ఇళ్ళలో విప్పగలిగిన దారాన్ని ఆడవాళ్ళు కత్తిరించరు. ఓపిగ్గా విప్పి, వేళ్ళకు చుట్టి, సరిగ్గా ఇట్లాగే నడుము బిగించి గూట్లో పెడతారు. ఏదో సరదా పడిందిలే అని ఏమీ అనకుండా మళ్ళీ కుట్టాను. ఈసారి మూడు ముళ్ళు.

రెండ్రోజుల తర్వాత మధ్యాహ్నం అన్నానికి లేచి, షెడ్డుకు తాళం వేసుకుని ఇంట్లోకి పోయాను. నాగమ్మ నాకు వడ్డించి నీళ్ళకు బయటికి పోయింది. తిని వచ్చేసరికి మళ్ళీ అదే. కుట్టు విప్పి ఉంది, చుట్ట సీటు మీద ఉంది.

షెడ్డు రెండో తాళంచెవి ఇంట్లోనే ఉండేది. నాకు తిక్క రేగింది. నాగమ్మను పిలిచి అనరాని మాటలన్నీ అన్నాను. ఆమె ఆ చుట్ట తీసుకుని వెలుతురుకు తిప్పి చూసింది.

"ఇది నా చుట్టు కాదు. నేను ఎడమచేతి వేళ్ళకు కుడిచేత్తో చుడతా. ఇది తిరగేసి చుట్టిండారు. ఎడమచేతి మనిషి చుట్టు ఇది. నేత ఇంట్లో పుట్టినోనివి, నీకు ఆ మాత్రం తెల్దా?" అంది.

అదే సాయంత్రం రైలుకు ధర్మవరం పుట్టింటికి పోయింది. నేను ఆపలేదు. నా మొండితనం అలాంటిది.

మూడోసారి కుట్టాను. నాలుగు ముళ్ళు వేసి ముడి మీద లక్క బొట్టు కూడా పెట్టాను. తర్వాతి రోజు పొద్దున్నే షెడ్డు లోపలి నుంచి గడియ పెట్టుకుని, కారులోనే కూర్చుని డ్యాష్‌బోర్డుకు చివరి పూత వేస్తున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. రేకుల సందుల్లోంచి మంచి ఎండ పడుతోంది. గుడ్డను నూనెలో ముంచి గుండ్రంగా తిప్పుతూ ఒక గంట పని చేసి ఉంటాను. ఆ తలుపు నాకు ఎడమ పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. చప్పుడేమీ కాలేదు. నడుం నొప్పి పుట్టి వెనక్కి వాలి పక్కకు చూస్తే కుట్టు విప్పి ఉంది. చుట్ట నా తొడ పక్కన ఉంది.

లక్క బొట్టు చెక్కుచెదరకుండా తలుపు అంచు మీద ఉంది. దాని కింద ముడి లేదు.

నాకు భయం వేసిందా అంటే, వేసింది. అబద్ధమెందుకు. అయినా స్క్రూడ్రైవర్ తీసుకుని మొదటే చేయాల్సిన పని చేశాను. అట్ట విప్పాను.

కుట్టేసిన సంచి అడుగున ఒక చిన్న మూట ఉంది. అందులో వెండి ఉగ్గుగిన్నె, ఒక వసకొమ్ము, కాటుక బరిణె, పాత చీర చించి కుట్టిన బుల్లి చొక్కాలు రెండు. అంతే. ముందే ఎవరూ చూడకుండా దాచిపెట్టి, జేబు నోరు కుట్టేసినట్టుంది.

బిడ్డను వద్దనుకుని పోయే మనిషి ఉగ్గుగిన్నె మూటగట్టుకోదు. అది తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

పెనుకొండకు కబురు పెట్టాను. సులోచనమ్మ మర్నాటి రైలుకే వచ్చింది. మూట ఇచ్చాను. బుల్లి చొక్కాను అరచేతిలో పరుచుకుని చాలాసేపు చూసింది. దారం సంగతి చెప్పాలా వద్దా అని తటపటాయించి, ఆఖరికి మూడు చుట్టలూ ఆమె ముందు పెట్టాను.

ఆమె ఒకదాన్ని విప్పింది. విప్పి మళ్ళీ చుట్టింది, కుడిచేతి వేళ్ళకు ఎడమచేత్తో. నడుము బిగించి మిగతా రెండింటి పక్కన పెట్టింది. మూడింట్లో అది ఏదో నేను చెప్పలేకపోయాను. ఆమె ఎడమ మణికట్టు మీద పాత కాలిన మచ్చ ఉంది.

నేను దాన్ని చూడ్డం గమనించి, "మా అవ్వ పెట్టిన వాత. చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం కలిపినానని. మీయమ్మ చెయ్యే నీకూ వచ్చినాది అని పెట్టింది" అంది.

మూట తీసుకుని పోయింది. నేను జేబు తెరిచే ఉంచి, చుట్టూ అంచు వేసి, నాలుగోసారి కుట్టాను. ఆ కుట్టు నిలబడింది. తర్వాత ధర్మవరం పోయి నాగమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేసి తీసుకొచ్చాను. ఆమె నెల రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది.

ఎలుకలన్నారు కొందరు. ఎలుక కొరుకుతుంది, ముడి విప్పదు. ఎండకు మైనం కరిగిందన్నారు. మైనం కరిగితే దారం చుట్టుకుంటుందా? నాకే మతి తప్పి నేనే విప్పి మరిచిపోయానని బెంగళూరులో నాకు పని నేర్పిన మేస్త్రీ అన్నాడు. అదొక్కటే నేను కొట్టిపారేయలేను. కానీ నాది కుడిచేతివాటం. ఎడమచేత్తో చుట్టాలని తర్వాత ఎన్నోసార్లు చూశాను, నాకు రాలేదు. ఇన్నేళ్ళయినా ఇది ఇట్లా జరిగి ఉంటుందని ఒక్క మాట చెప్పలేను.

పని పూర్తయ్యాక సులోచనమ్మ కారు తీసుకుపోవడానికి వచ్చింది. నెలలు నిండుతున్నాయి, నడక నిదానమైంది. కొత్త సీటులో ముందుకు జరిగి కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుంది. ఉగ్గుగిన్నెను అవ్వ ముందు పెట్టి అడిగానని చెప్పింది. ముసలామె రెండు దినాల తర్వాత చెప్పిందట.

"మా అమ్మ బండి ఎక్కినాంక మా అవ్వే నన్ను ఒళ్ళోంచి గుంజుకున్నాదంట మేస్త్రీ. పోతే నువ్వు పో, బిడ్డ మాది అనిందంట. మా అమ్మ ధర్మవరం స్టేషన్లో రెండు దినాలు అన్నం నీళ్ళు లేకుండా కూర్చున్యాదంట, నన్ను పంపిస్తారేమో అని. ఆడ్నుంచి మనిషి వచ్చి చెప్పినా వీళ్ళు పంపలేదు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. గుమ్మంలో నిలబడ్డ నాగమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. సులోచనమ్మ ఒక చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకుని, "కదుల్తాంది" అంది.