అంబదాస్ చేతికిచ్చిన పొట్లం

సూరత్‌లోని గోడాదరాలో తెలుగువాళ్లుండే గల్లీల్లో అంబదాస్ పేరు తెలియని మనిషి లేడు. సూరత్ నుంచి సిరిసిల్ల, కరీంనగర్ వైపు పోయే బస్సులకు టికెట్లు రాసే ఆఫీసు అతనిది. ఆఫీసంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు ఒక దేవుడి పటం. కానీ ఊరు సగం ఆ బల్ల మీదుగానే సూరత్‌కు వచ్చేది. మామిడికాయ తొక్కు, సకినాలు, పసుపు, పుట్టింటి చీరలు, మందులు అన్నీ అక్కడే దిగేవి. "నా చేతుల వడ్డదంటే మీ ఇంట్ల వడ్డట్టే" అనేవాడు అంబదాస్. ఆ మాటను దేవుడి మాటలా నమ్మినవాళ్లలో వజ్రమ్మ ఒకతె.

వజ్రమ్మ భర్త గంగారాం మరమగ్గాల కార్మికుడు. నోట్లో నాలుక లేని మనిషి. చిన్నప్పటి నుంచీ మూర్ఛరోగం ఉండేది. సూరత్‌కు వచ్చిన కొత్తలో ఇక్కడి డాక్టరుకు చూపించుకుంటే, ఫిట్స్ వచ్చే మనిషి మిషన్ దగ్గర నిలబడకూడదని ఖరాఖండిగా చెప్పాడు. మిషన్ దగ్గర నిలబడకపోతే సూరత్‌లో ఇంకేం చేస్తారు, మేడెక్కి పతంగులు ఎగరేస్తారా? ఈ సంగతి సేఠ్ చెవిన పడితే పని ఊడుతుందని భయపడి మొగుడూ పెళ్లాం మళ్లీ ఆ డాక్టరు గడప తొక్కలేదు.

అప్పటినుంచి మందు ఊరి నుంచే వచ్చేది. సిరిసిల్లలో ఒక డాక్టరు ఉండేవాడు. పెద్ద చదువు లేదు గానీ హస్తవాసి మంచిదని పేరు. పెద్ద డబ్బాలోంచి తెల్ల గోలీలు తీసి, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేవాడు. దాని మీద పేరుండదు, వెంట చీటీ ఉండదు. సిరిసిల్ల పక్క పల్లెలో ఉండే వజ్రమ్మ చెల్లెలు లింగవ్వ ఆ పొట్లం తీసుకుని బస్సులో వేసేది, అంబదాస్ దించుకునేవాడు. గంగారాం జబ్బు సంగతి సేఠ్‌కు తెలియదు, పక్క మగ్గం వాడికి తెలియదు. అంబదాస్‌కు మాత్రం తెలుసు. ఎన్నేళ్లయినా ఎక్కడా నోరు జారలేదని వజ్రమ్మ అతన్ని తలుచుకుని దండం పెట్టుకునేది.

ఇంతలో కరోనా వచ్చింది. మగ్గాలు ఆగాయి, రింగ్ రోడ్ బట్టల మార్కెట్లకు తాళాలు పడ్డాయి, బస్సులు నిలిచిపోయాయి. ఇంట్లో గోలీలు అడుగంటాయి. వజ్రమ్మ ఊరికి ఫోన్ చేసి డాక్టరును అడిగి మందు పేరు తెలుసుకుంది. మెడికల్ షాపుకు పోయి చెప్పింది. ఈ మందు డాక్టరు చిట్టీ లేకుండా ఇవ్వకూడదన్నాడు షాపువాడు. సిరిసిల్ల డాక్టరుకు చిట్టీ రాసే హక్కే లేదాయె. ఇక్కడి చిన్న దవాఖానాలు మూతపడ్డాయి. పెద్ద దవాఖానకు పోదామంటే, పోయినవాళ్లు మూటై వస్తున్నారని గల్లీ అంతా హడలెత్తి ఉంది. గంగారాం ఉన్న గోలీలను సగానికి విరిచి వేసుకోవడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే అంబదాస్ ఎక్కడో పాసు సంపాదించి జీపు మీద ఊరికి పోతున్నాడని తెలిసింది. వజ్రమ్మ పరుగున వెళ్లింది.

"అంబదాసూ, మా చెల్లె పొట్లం తెచ్చిస్తది. జర యాది మర్వకు. మీ అన్న పానం దాన్లనే ఉన్నది."

"గంత చెప్పాల్నా వదినె? నా చేతుల వడ్డదంటే మీ ఇంట్ల వడ్డట్టే."

తిరిగొచ్చిన అంబదాస్ ఉత్త చేతులు చూపించాడు. "మీ వాళ్లు ఇయ్యనేలేదు వదినె. చౌరస్తల శానసేపు జూసిన. లింగవ్వ రానేలేదు" అన్నాడు. మొహం కూడా దానికి తగ్గట్టే పెట్టాడు.

వజ్రమ్మ చెల్లెలికి ఫోన్ చేసింది. అవతల లింగవ్వ లబోదిబోమంది. "వాని చేతులనే వెట్టినక్కా! ఆటోలు లెవ్వని సిరిసిల్ల దాక నడిచిపోయిన. తొవ్వల పోలీసోళ్లు పిక్కల మీద కొట్టిన్రు. ఇప్పటికీ కుంటుతున్న, నీ మీదొట్టు."

ఎవరిని నమ్మాలి? లింగవ్వ చిన్నప్పటి నుంచీ బద్ధకస్తురాలు. అంతకుముందు రెండు మూడుసార్లు పొట్లం ఆలస్యంగా పంపింది కూడా. అంబదాస్ మాటకు గోడాదరాలో తిరుగులేదు. వజ్రమ్మ అంబదాస్‌నే నమ్మింది. "నీ మొగనికైతే గిట్లనే జేద్దువా?" అని చెల్లెలి మీద అరిచి ఫోన్ పెట్టేసింది.

గోలీలు అయిపోయాక గంగారాం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఉండగానే విరుచుకుపడ్డాడు. వజ్రమ్మ తాళంచెవుల గుత్తి అతని చేతిలో పెట్టి పిడికిలి బిగించింది. ఒక ఫిట్ ఆగేలోపు ఇంకోటి వచ్చింది. అంబులెన్స్ వచ్చింది గానీ గల్లీ మొదట్లో కరోనా కోసం కట్టెలు అడ్డం కట్టి ఉన్నాయి. వాటిని విప్పి మనిషిని మోసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. దారిలోనే ప్రాణం పోయింది.

కరోనా శవమేమోనని గల్లీలో ఒక్కరూ గడప దాటలేదు. పాడె మోయడానికి నలుగురు దొరకని ఆ పూట అంబదాస్ వచ్చి భుజం పట్టాడు. శ్మశానంలో కట్టెలు కూడా అతనే ఇప్పించాడు. వజ్రమ్మ ఆ మట్టిలోనే వంగి అతని రెండు కాళ్లూ మొక్కింది. ఇంటికొచ్చి చెల్లెలికి ఫోన్ చేసి, "నా బొట్టు నువ్వే తుడిసినవే. ఇంక నాకు చెల్లె లేదు" అంది. లింగవ్వ ఏడుస్తూ ఏదో చెప్పబోయింది. వజ్రమ్మ వినలేదు.

నిజం చలికాలంలో బయటపడింది. మంచితనంతో ఎవరో చెప్పారనుకునేరు, కాదు. ఆ జీపు నడిపిన సోమలింగాన్ని అంబదాస్ పనిలోంచి తీసేశాడు. ఆ కడుపుమంటతో సోమలింగం భివండికి వలసపోతూ పోతూ వజ్రమ్మ గుమ్మం ముందు ఆగాడు.

"నీ చెల్లె పొట్లం ఇచ్చిందక్కా. నేను కండ్లార జూసిన. జీపుల సీట్ల కింద మందు సీసలున్నయ్, ఎవరో సేఠ్ ఇంట్ల దావత్ కోసం. గుజరాత్ బార్డర్ల నవాపూర్ కాడ పోలీసులు చెకింగ్ జేస్తున్నరు. పేరూ ఊరూ లేని గోలీలు దొరికితే అనుమానంతోని బండంత విప్పుతరని, అంబదాసే పొట్లం తీసి కిటికీలకెల్లి చెట్లల్లకు ఇసిరిండు."

గుజరాత్‌లో మద్యం తెస్తే జైలు. అందుకని ఎవడి విందుకో పోయే సీసాలు భద్రంగా సూరత్ చేరాయి, గంగారాం ప్రాణం నవాపూర్ ముళ్లచెట్ల పాలైంది. ఆ మాట ఒప్పుకునే దమ్ములేక నింద లింగవ్వ మీద వేశాడు. వేసి ఊరుకోకుండా పాడె కూడా మోశాడు. వజ్రమ్మకు అన్నిటికంటే కడుపు మండింది అక్కడే. ఆ కాళ్లు మొక్కిన తన చేతులను చూసుకుంటే తనకే అసహ్యం వేసేది.

మామూలు మనిషైతే ఆ రోజే పోయి అంబదాస్ చొక్కా పట్టుకునేది. వజ్రమ్మ పట్టుకోలేదు. సాక్ష్యం చెప్పాల్సినవాడు భివండి బస్సెక్కాడు. తను అరిస్తే, మొగుడు పోయిన బాధలో మతి చెడిందని గల్లీ అంతా జాలిపడుతుంది. అందుకని అంబదాస్ నోటితోనే అంబదాస్ చెప్పాలి, అదీ నలుగురిలో చెప్పాలి, లింగవ్వ వినాలి. సమయం చూసి వాత పెట్టాలని నిర్ణయించుకుంది. ఆఫీసు ముందు నుంచి పోతూ ఎప్పటిలాగే "మంచిగున్నవా అంబదాసూ" అని పలకరించేది. "నీ దయ వదినె" అనేవాడు వాడు. కడుపులో కత్తులు పెట్టుకుని నవ్వడం ఎంత కష్టమో ఆ నెలల్లో వజ్రమ్మకు బాగా తెలిసొచ్చింది.

ఎండాకాలం మొదట్లో కరోనా రెండోసారి విరుచుకుపడింది. దవాఖానాల్లో మంచాలు దొరకక కులసంఘం వాళ్లు తమ పెళ్లిళ్ల హాలులోనే పరుపులు వేసి రోగులను ఉంచారు. రోజూ ఒక డాక్టరు వచ్చి చూసి పోయేవాడు. నవత అనే నర్సు పిల్ల మంచానికింత అని గోలీలు విడదీసి పెడితే, వాటిని పంచడం, వేడినీళ్లు, జావ ఇవ్వడం ఆయా పని. ఆ పనికి ప్రాణభయంతో ఎవరూ రాకపోతే వజ్రమ్మ వచ్చింది. పోయేవాళ్లు పోయాక ఆమెకు ఇంక భయమెందుకు?

ఒకరోజు పొద్దున్నే ఆ హాలుకు అంబదాస్‌ను తీసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, నాలుగు మాటలకొకసారి ఆయాసం. భార్య స్వరాజ్యం గేటు బయటే ఉండి, "అక్కా, లోపల నువ్వున్నవని ధైర్యం" అని చేతులు జోడించింది. వజ్రమ్మ తలూపింది.

డాక్టరు చూసి మందులు రాశాడు. వేళ తప్పొద్దని, తప్పితే ఊపిరి అందదని మరీ మరీ చెప్పాడు. వజ్రమ్మ పళ్లెం పట్టుకుని ఒక్కొక్క మంచం దాటుతూ అందరికీ గోలీలిచ్చింది. అంబదాస్ మంచం దగ్గర మాత్రం ఆగలేదు.

"వదినె, నాయి?"

"మీ వాళ్లు ఇయ్యనేలేదు" అంది వజ్రమ్మ, మొహంలో ఏమీ కనబడనీయకుండా.

వాడికి అర్థం కాలేదు. మధ్యాహ్నం మళ్లీ అడిగాడు. మళ్లీ అదే మాట చెప్పింది. ఈసారి వాడి కళ్లలో ఏదో కదిలింది. గోలీలు ఆమె కొంగు ముడిలో ఉన్నాయి. నవత వచ్చి, "మాసీ, బారా నంబర్ మంచానికి దవా ఇచ్చినవా?" అని అడిగితే, "ఇచ్చిన బేటా" అని తడుముకోకుండా చెప్పింది.

ఇది పాపం కాదా అని అడుగుతారేమో. పాపమే. ఆ సంగతి వజ్రమ్మకూ తెలుసు. తెలిసీ ఆ మధ్యాహ్నమంతా జావ గిన్నెలు తోముతూ కూనిరాగం తీసింది. చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత అని ఒకటికి పదిసార్లు అనుకుంది. చాలా నెలల తర్వాత ఆ రోజే ఆమెకు కడుపు నిండా అన్నం తినబుద్ధయింది.

సాయంత్రానికి అంబదాస్ వేలికి పెట్టిన ఆక్సిజన్ మిషన్‌లో అంకె దిగింది. గాలి కోసం చేపలా నోరు తెరుస్తున్నాడు. వజ్రమ్మ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. కొంగు ముడి విప్పి గోలీలు అరచేతిలో పెట్టుకుని చూపించింది.

"నవాపూర్ కాడ ఏం పారేసినవ్ అంబదాసూ?"

వాడు కళ్లు మూసుకున్నాడు. "నీకు... ఎవరు చెప్పిన్రు?"

"గది నీకెందుకు? నా పెనిమిటి గోలి కోసం మొగులు దిక్కు చూసుకుంట పోయిండు. నీకు నేను గా గతి పట్టియ్య. గోలి ఇస్త. మా చెల్లెకు ఫోన్ జేస్త, దానికి నువ్వే చెప్పు. గట్టిగ చెప్పు, అందరు వినాలె."

"వదినె... ఇజ్జత్ పోతది... రేపు మీ ఇంటికొచ్చి..."

"రేపటిదాక ఉంటవో లేదో."

ఫోన్ తీసి చెల్లెలి నంబరు నొక్కింది. ఏడాదిగా నొక్కని నంబరు అది. స్పీకర్ పెట్టి వాడి మూతి దగ్గర పట్టుకుంది. అవతల "అక్కా?" అన్న గొంతు వినబడింది, నమ్మలేనట్టుగా.

"లింగవ్వా... నేను అంబదాస్‌ను. నువ్వు పొట్లం ఇచ్చినవ్. నా చేతులనే వెట్టినవ్. నేనే పారేసిన. మీ అక్కకు అబద్ధం చెప్పిన." ఈ నాలుగు మాటలకే వాడు దగ్గి దగ్గి వంకర తిరిగిపోయాడు.

పక్క మంచాల మీద ఉన్నవాళ్లు మోచేతుల మీద లేచి చూస్తున్నారు. అందరూ ఏదో ఒకరోజు అంబదాస్ చేతికి ఏదో ఒకటి ఇచ్చినవాళ్లే. ఆ మాట ఆ పూటే ఫోన్లలో గోడాదరా అంతా పాకింది. ఆ తర్వాత అతను బతికి బయటపడి, బస్సులు మళ్లీ తిరిగినా, ఆ బల్ల మీద ఎవరూ మందుల పొట్లం పెట్టలేదు. వజ్రమ్మ కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది.

"విన్నవా చెల్లె!" అంది వజ్రమ్మ. "వాని నోటితోనే కక్కిచ్చిన. నీ మీద మచ్చ వోయింది."

లింగవ్వ మెల్లగా అడిగింది.

"నీకెప్పుడు తెలిసిందక్కా?"

"చలికాలంల. సోమలింగం చెప్పిండు."

"చలికాలంల తెలిసిందా..." అంది లింగవ్వ. "వాడంటే పరాయోడు, అబద్ధమాడిండు. నీకు నిజం తెలిసినంక గూడ ఇన్ని నెలలు నన్ను బావను సంపినదాని లెక్కనే ఉంచినవా? వాని మీద పగ యాదికున్నది గని నేను యాదికి లేనా అక్కా? ఒక్క ఫోన్ జేస్తే అయిపోవు గద. రోజూ చూసిన, నీ ఫోన్ వస్తదేమోనని."

వాణ్ని పట్టుకుని, వాడి నోటితో చెప్పించి, అప్పుడు చెల్లెలికి మొహం చూపిద్దామనుకుంది. అంతవరకు చెల్లెలు ఎట్లా ఉంటుందని ఒక్కసారీ అనుకోలేదు. అది చెప్పడానికి నోరు తెరిచేలోపే అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

"వదినె... గోలి..." అని అంబదాస్ చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి అలా చాచితే కళ్లారా చూడాలని నెలల తరబడి కాచుకున్న మనిషి, ఇప్పుడు అటు చూడనైనా చూడలేదు. గోలీలు వాడి అరచేతిలో వేసి, నీళ్ల గ్లాసు మంచం మీద పెట్టి, మళ్లీ చెల్లెలి నంబరు నొక్కింది. ఫోన్ మోగుతూనే ఉంది. లింగవ్వ ఎత్తలేదు.