మా ఆవిడ నా క్లాస్‌మేట్

ఆ రోజుల్లో బోగోలు మండలం మొత్తానికీ లెక్కలు క్షుణ్ణంగా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణేనని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం పెద్దగా ఏమీ లేదు. ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం, సాయంత్రం పూట నాలుగు ట్యూషన్లు, చొక్కా జేబులో రెండు రంగుల పెన్నులు, అంతే. పెళ్ళయిన మొదటి ఏడాదే ఎం.ఎడ్. చెయ్యాలని, అందులోనూ గణిత బోధన మీదే చెయ్యాలని నిర్ణయించుకున్నాను. మా ఆవిడ కూడా లెక్కలతోనే బి.ఎడ్. చేసింది. "నువ్వూ ఎంట్రన్సు రాయి, ఊరికే ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, అర్థం కానివి నేను చెప్తా కదా" అన్నాను. (ఆ మాట అన్నది నేనే. తర్వాత దాన్ని వెనక్కి తీసుకునే దారి కోసం వెతికినవాణ్ణీ నేనే.) ర్యాంకులు వచ్చాయి. ఆవిడ ర్యాంకు ముందు, నా ర్యాంకు బాగా వెనక. ఇద్దరికీ నెల్లూరులో ఒకే కాలేజీలో సీటొచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక మా అమ్మ చర్చి వాకిట్లో అందరికీ మైసూర్‌పాకు పంచుతూ, "మా కోడలికి పెద్ద చదువుకి సీటొచ్చినాదమ్మా, మావోడికి కూడా వచ్చినాది" అంది. ఆ 'కూడా' నాకు ఇంటిదాకా గుచ్చుకుంటూనే ఉంది.

కాలేజీలో మాకు గణిత బోధన చెప్పే మాస్టారు ఎప్పుడూ గళ్ళ చొక్కాలే వేసుకునేవారు. అందుకని ఆయన్ని గ్రాఫు సారు అనేవాళ్ళం. మొదటి అసైన్‌మెంటులో ఒక పిల్లవాడు తప్పుగా చేసిన లెక్క ఇచ్చి, దాని మీద రాయమన్నారు. నేను సరైన పద్ధతిని మూడు రకాలుగా చేసి, కింద గీత గీసి మరీ ఇచ్చాను. గ్రాఫు సారు దాన్ని చూసి, "లెక్క బాగా చేసినారు నాయనా. కానీ ఈ పిల్లోడు ఏమనుకుని ఆ తప్పు చేసినాడో మీరు రాయలా. మీ మేడం రాసినారు చూడండి, ఒకసారి అడిగి తెలుసుకోండి" అన్నారు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కాస్త నయంగా ఉండేది. ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం డబ్బాలు విప్పే వేళకి ఆవిడ చుట్టూ జనం చేరేవారు. గూడూరు నుంచి వచ్చే ఒక కుర్రాడు నన్ను 'అన్నా' అనేవాడు, ఆవిణ్ణి మాత్రం 'మేడం' అనేవాడు. "అన్నా, కొంచెం అట్టా జరగవా, మేడాన్ని ఒక డౌటు అడగాల" అని నా చోటులో కూర్చునేవాడు. నేను నా డబ్బా పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, నా పెళ్ళాం చేసిన చేపల పులుసు నేనే తింటూ, నా పెళ్ళాం చెప్పే జవాబుల్లో తప్పులు వెతికేవాణ్ణి. దొరికేవి కావు. పులుసులోనైనా ఉప్పు తక్కువైతే బావుండునని అనిపించేది. అదీ సరిపోయేది.

ఇంట్లోనూ ఊరట లేదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మా అమ్మ కళ్ళు మూసుకుని, "ప్రభువా, నా కోడలికి మంచి జ్ఞాపకశక్తి దయచెయ్యి" అనేది. కొంచెం ఆగి, "నా బిడ్డకి ఓర్పు దయచెయ్యి" అనేది. నాకెందుకమ్మా ఓర్పు అని ఒకరోజు అడిగితే, "నీ మొగం చూస్తే తెలవడం లేదా రా" అంది.

ఇలా ఉండగా మాదిరి పాఠాలు వచ్చాయి. సముద్రం ఒడ్డున ఒక పల్లె బడిలో ఏడో తరగతికి రుణ సంఖ్యల తీసివేత చెప్పాలి. మా తరగతి వాళ్ళందరూ, గ్రాఫు సారూ వెనక కూర్చుని చూస్తారు. ఆ పాఠం మా ఆవిడకి పడింది. ముందు రోజు వానలో తడిసిందేమో, పొద్దున లేచేసరికి ఆవిడ గొంతు పూర్తిగా పోయింది. వేడినీళ్ళు, మిరియాల కషాయం, ఏదీ పని చెయ్యలేదు. దేవుడు మన్నించాలి గాని, నాకు లోపల ఎక్కడో చల్లగా ఉంది. "నువ్వు కూర్చో, నేను చెప్తాలే" అన్నాను, వీలైనంత విచారంగా.

బోర్డు మీద అందంగా రాశాను. మూడు లోంచి మైనస్ రెండు తీసేస్తే ఎంత? "రెండు మైనస్‌లు పక్కపక్కన వస్తే ప్లస్ అవుతుంది. గుర్తు పెట్టుకోండి" అన్నాను. ముందు వరసలో రెండు జడల పిల్ల లేచి, "ఎందుకు సార్?" అంది. "అది రూలు" అన్నాను. "రూలు ఎందుకు సార్?" అంది. నేను మళ్ళీ అదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాను. వెనక గ్రాఫు సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అప్పుడు మా ఆవిడ లేచింది. ఒక్క మాట లేకుండా పిల్లలందర్నీ చేత్తో పిలిచి బయట ఇసకలోకి తీసుకెళ్ళింది. సరుగుడు కొమ్మతో పొడుగ్గా ఒక గీత గీసి, మధ్యలో సున్నా, అటూ ఇటూ అంకెలు వేసింది. ఆ పిల్లని మూడు దగ్గర నిలబెట్టింది. పక్కనే ఇసకలో ఆ లెక్క రాసి, అందులో తీసివేత గుర్తు చూపించి, భుజాలు పట్టుకుని మైనస్ అంకెల వైపు తిప్పింది. తర్వాత మైనస్ రెండు చూపించి, ఆ ముఖం అటే ఉంచి వెనక్కి నడవమని సైగ చేసింది. ఆ పిల్ల రెండడుగులు వెనక్కి వేసి, కిందకి చూసి, "ఐదు మీద ఉండానే" అంది. ఆ తర్వాత ఒక్కరూ ఆగలేదు. నేనూ నేనూ అని తోసుకుంటూ ఆ గీత మీద అటూ ఇటూ నడిచారు. గొంతున్న నేను బడి అరుగు మీద నిలబడ్డాను. గొంతు లేని మనిషి పాఠం చెప్తోంది. అంత అసూయ నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

"మాట లేకుండా చెప్పడం! బాగుందబ్బా. ఎవరి ఆలోచన ఇది?" అన్నారు గ్రాఫు సారు. మా ఆవిడ నా వైపు వేలు చూపించింది. కాదని చెప్పబోయేలోగా అందరూ చప్పట్లు కొట్టారు. నా నోరు దానంతటదే మూసుకుంది. ఇక ఆవిడ మంచితనం మీద కూడా అసూయ పుట్టింది. తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ మీద అడిగాను, "నన్నెందుకు చూపించావు?" అని. ఆవిడ నా చెవి దగ్గరికి వంగి, బొంగురు గొంతుతో, "ఆలోచన నాదే అని చెప్పడానికి గొంతు లేదు కదా. ఉండుంటే నిజమే చెప్పేదాన్ని" అంది. ఆ మాటకి నాకు ఎంత నవ్వు వచ్చిందంటే బండి పక్కకి ఆపాల్సి వచ్చింది. మర్నాడు గ్రాఫు సారుకి నిజం చెప్పేశాను. "నాకు తెలుసులే నాయనా, మీ మొగమే చెప్పింది" అన్నారాయన.

అసలు సంగతి ఏమిటంటే, ఎన్నో ఏళ్ళుగా పిల్లలకి ఆ రూలు చెప్తున్నాను గాని అది ఎందుకో నాకూ తెలియదు. ఆ సాయంత్రం సిగ్గు విడిచి, "తిరగడం ఎందుకు, వెనక్కి నడవడం ఎందుకు, నాకు చెప్పు" అని అడిగాను. ఆవిడ వంటగది నేల మీద ముగ్గుపిండితో గీత గీసింది. నేను ముందుకీ వెనక్కీ నడుస్తుంటే మా అమ్మ గుమ్మంలో నిలబడి, "ఏమయింది వీడికి, బానే ఉండాడు గదా పొద్దున" అంది.

ఇద్దరం పాసయ్యాం. ఆవిడ ఇప్పుడు టీచర్లకి పాఠాలు చెప్పే కాలేజీలో పని చేస్తోంది, నేను హైస్కూల్లో. ఈ మధ్య మా స్కూలుకి కొత్తగా ఒక కుర్ర మాస్టారు వచ్చాడు. మొదటి రోజే స్టాఫ్ రూములో సుద్దముక్కతో నేల మీద గీత గీసి, రుణ సంఖ్యల మీద నాకు పాఠం మొదలుపెట్టాడు. "మా మేడం నేర్పించినారు సార్. మీ కాలంలో ఇట్టాంటివి ఉండేవి కాదు కదా" అన్నాడు. ఆ మేడం మా ఆవిడేనని నేను చెప్పలేదు. ఆవిణ్ణి ఏది అడగాలన్నా చెయ్యెత్తి అడిగేసేవాళ్ళమని, కాదనకుండా చెప్పేదని అతను చెప్తుంటే వింటూ కూర్చున్నాను. నేనూ ఆవిడతో పాటు అదే తరగతిలో ఉన్నాను కదా, రెండేళ్ళూ కిటికీ దగ్గరే గడిపేశానే అనిపించింది.

"అర్థమైందా సార్?" అన్నాడు కుర్రాడు.

"ఇంకోసారి చెప్పు నాయనా" అన్నాను.