మామగారిని దాటని యుద్ధవిమానం

మా చిన్నప్పుడు అంతరిక్ష యుద్ధాలు లేవు... అవి నాకు అత్తారింట్లో, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక దొరికాయి. అందుకని నా చిన్నతనాన్ని అక్కడి నుంచే లెక్కేసుకుంటాను. అభ్యంతరం ఉన్నవాళ్ళు వేరే పోస్టు చదువుకోవచ్చు.

బరంపురంలో ఎండాకాలం. టీచరుగా నాకు మార్నింగ్ స్కూలు, ఎండ ముదిరేలోగా ఇంట్లో పడేదాన్ని. ఇంటిల్లిపాదీ పఖాళ, అదే నీళ్ళల్లో నానేసిన చద్దన్నం, తిని కునుకు తీస్తుంటే, నేనూ మా అక్కా... అంటే మా బావగారి భార్య, నా తోడికోడలు... వీధిగదిలోకి దూరేవాళ్ళం. అక్కడ మా మరిది టైపు పనులకని కొన్న కంప్యూటర్, పువ్వులు కుట్టిన గుడ్డ కప్పుకుని పెళ్ళికూతురిలా కూర్చుని ఉండేది. చెప్పులు గుమ్మం బయటే విడవాలి. వైరస్ చెప్పులకి అంటుకుని వస్తుందని మా మరిది నమ్మకం.

అందులో ఫ్లాపీల మీద వచ్చిన ఒక ఆట... చుక్కల మధ్య యుద్ధవిమానం నడపాలి. ఒక్క మనిషి కోసం చేసిన ఆటని మేమిద్దరం నడిపాం. జాయ్‌స్టిక్ అక్కది, కీబోర్డు నాది. విమానంలో ఉన్న కాస్త కరెంటునీ తుపాకులకీ, ఇంజనుకీ, రక్షణ కవచానికీ సర్దడం నా పని. ఉమ్మడి కుటుంబంలో వంట చేసినవాళ్ళకి ఆ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు.

మన పక్కనే ఒక తోడు విమానం ఎగురుతుంది. దాని పైలట్‌కి మనమే పేరు పెట్టుకోవచ్చు. మా మరిది భక్తి కొద్దీ మామగారి పేరు పెట్టాడు. అక్కడొచ్చింది తంటా.

"కుడిపక్క నుంచి దాటీయక్కా, శత్రువు ముందున్నాడు" అనేదాన్ని.

"మామగారి ముందుకెల్తామేటే, సిగ్గునేదూ?" అనేది అక్క.

ఆ తోడు పైలట్ బొమ్మ తెరమీదకొచ్చి ఏదైనా మాట్లాడితే చాలు, ఎడంచేత్తో కొంగు నెత్తిమీదకి లాక్కునేది. ఒడియా ఇరుగుపొరుగుని చూసి మా ఇంటికీ పట్టిన అలవాటు అది. బొమ్మలో ఉన్నది ఎవరో బూరెబుగ్గల దొర. అయినా సరే... మామగారు మామగారే.

దాంతో మేము ఎప్పుడూ మామగారి వెనకాలే ఎగిరాం. ఆయన వెంటపడిన శత్రువులందరినీ రాల్చుకుంటూ పోయాం. మా మరిది రివ్వున ముందుకు దూసుకెళ్ళి, ప్రతిసారీ వెనక తండ్రిని పోగొట్టుకునేవాడు. మా చేతిలో ఆయన ఒక్కనాడూ పోలేదు. "మావోడి కన్నా కోడళ్ళ సేతిలోనే నా పేనం గట్టిగుంది" అని మామగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు.

కిందటేడు మా బావగారు పోయారు. అప్పటి నుంచీ అక్క తింటుంది, టీవీ ముందు కూర్చుంటుంది, ఏమడిగినా "ఊఁ" అంటుంది. అంతే. నన్ను తిట్టడం కూడా మానేసింది. పిల్లలు డాక్టర్లకి చూపించారు. నాకు తోచిన వైద్యం నేను చేశాను... మనవరాలి లాప్‌టాప్ లాక్కుని ఆ ఆట సంపాదించాను.

మొదటిసారి తెరవగానే కళ్ళు ఆర్పేలోగా చచ్చిపోయాను. కొత్త కంప్యూటర్ల వేగానికి పాత ఆట మా ఊరి నుంచి అస్కా వెళ్ళే మినీబస్సులా పరిగెడుతుంది. కొత్తదాన్ని ముసలిదానిలా నిదానంగా నడుచుకోమని చెప్పే ప్రోగ్రామ్ ఒకటుంది, అది వేస్తే కుదుటపడింది. మనుషులకి అలాంటిది ఇంకా రాలేదు.

"అమ్మమ్మా, ఇవి విమానాలా, సమోసాలా?" అంది మనవరాలు.

సమోసాలే. కానీ అవి వెనక నుంచి తరుముకొస్తుంటే ఇంజను మోత మారుతుంది చూడండి... ఇప్పటి ఆటల మెరుపులన్నీ కలిపినా ఆ దడ రాదు. నాలుగు గీతలతో అంత ఆకాశం కట్టినవాళ్ళకి దండం పెట్టాలి.

కొత్త జాయ్‌స్టిక్ కొని, అన్నీ పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. "నాకెందుకే ఇయ్యన్నీ" అంది. చేతిలో పెడితే వేళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి. తోడు పైలట్ పేరు అడిగింది ఆట. నేను మామగారి పేరు కొట్టబోయాను.

"ఉండే. మామగారు సానా ఎగిరేరు, కూకోనీ."

లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, ఒంటివేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టింది... బావగారి పేరు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ పేరు ఆవిడ నోట నేను వినలేదు.

ఈ ఆటలో తోడు విమానం పేలితే ఆ పేరు ఎర్రగా వెలిగి ఆరిపోతుంది. పోయిన మనిషి అక్క కళ్ళముందు ఇంకోసారి పోతే... ఆపేద్దామనుకునేలోగా అక్క బయల్దేరిపోయింది.

పాత అలవాటున వెనకాలే ఎగిరింది. శత్రువులు ఈసారి ఎదుటి నుంచి వచ్చారు. బావగారి కవచం సగం కరిగింది. వెనక నుంచి కాలిస్తే మా గుళ్ళకి ఆయనే అడ్డం. దాటమని చెప్పాల్సింది పోయి, నేను కవచానికే కరెంటు పోస్తూ కూర్చున్నాను.

"ఇంజనుకి కరెంటియ్యే" అంది అక్క.

"దాటుతావేటక్కా?"

"మామగారి కోసమంటే ఆగేను. మీ బావగారి కోసం నేనెప్పుడాగేనే? పక్కకి తొలగమను. ఎప్పుడూ దారికడ్డమే ఆ మనిషి."

దాటింది. ముందుకెళ్ళి మా విమానాన్ని ఆయనకి అడ్డం పెట్టింది. తగలాల్సినవన్నీ మాకు తగిలాయి. నేను తుపాకుల దగ్గర లాగి కవచానికీ, కవచం దగ్గర లాగి ఇంజనుకీ పోస్తూనే ఉన్నాను. అక్క ఒక్కొక్కణ్ణీ పేరుపేరునా తిడుతూ రాల్చింది. ఆ తిట్లు ఇక్కడ రాయడానికి నా చదువు అడ్డొస్తోంది.

అంతా అయ్యాక తిరిగొచ్చిన పైలట్ల పేర్లు తెరమీద పడ్డాయి. అక్క కళ్ళజోడు సర్దుకుని, దగ్గరికి జరిగి చూసింది.

"వచ్చీసేరు" అంది.

ఇప్పటి ఆటల్లో దేశదేశాల వాళ్ళు కలిసి ఎగురుతారట, ఒకరి మొహం ఒకరికి తెలీదట. మేము ఒకే స్టూలు మీద చెరో సగం కూర్చుని, మోచేతులు తగులుకుంటూ ఆడాం... ఎంత కొత్త కంప్యూటర్ కొన్నా ఆ ఇరుకు మాత్రం రావడం లేదు. మీ ఇళ్ళల్లోనూ ఒకే ఆటని ఇద్దరు పంచుకుని ఆడినవాళ్ళుంటే కింద రాయండి. అక్కకి చదివి వినిపిస్తాను... మీరు ఎక్కడ తప్పు ఆడారో ఆవిడ చెబుతుంది.