తివారీ మగ్గం

హుగ్లీ ఒడ్డున ఉన్న ఆ జనపనార మిల్లులో ఖేలావన్ రవిదాస్ ఇరవై రెండేళ్లుగా నేస్తున్నాడు. హాజరుపట్టీలో మాత్రం అతని పేరు ఒక్కరోజు కూడా లేదు.

అతను బదులు కూలీ. పొద్దున మిల్లు కూత వెయ్యకముందే గేటు దగ్గర నిలబడాలి. సొంత నంబరున్న పర్మినెంటు వాళ్లలో ఎవరు రాకపోతే వాళ్ల పేరు పిలుస్తాడు, కూలీల్ని పనిలో పెట్టే సర్దార్ హరిహర్. బయట నిలబడ్డ వాళ్లలో ఒకడు ఆ పేరుకు పలికి లోపలికి పోతాడు. ఆ పూటంతా వాడు ఆ పేరే. మహేంద్ర తివారీకి స్టేషన్ దగ్గర పాల డిపో ఉంది. మగ్గం మొహం చూసి పదకొండేళ్లయింది. ఆ పదకొండేళ్లూ షెడ్డులో తివారీ అంటే ఖేలావనే. కూలిలో సగం అసలు తివారీకి ఇంటికే చేరుతుంది. డిపోకి వెళితే మాత్రం ఖేలావన్ గ్లాసు ముట్టుకోకూడదు. ఈ ఏర్పాటునెవరూ దొంగతనం అనరు. మామూలు అంటారు.

ఆ చలికాలం కొత్త ఆఫీసరు వచ్చాడు. పదిమంది బదులు కూలీలకు సొంత నంబర్లిస్తాననీ, సర్దార్ మాట మీద కాకుండా చేతిపని తానే చూసి రాసుకుంటాననీ, అసలు పేరు చెప్పినవాళ్లకు శిక్ష ఉండదనీ గేటుకి కాగితం అంటించాడు. ఖేలావన్‌కు నలభై ఎనిమిది. యాభై దాటినవాణ్ణి గేటు దగ్గర ఎవరూ పిలవరు.

ఆఫీసరు షెడ్డుకి వచ్చే రోజు పొద్దున్నే, సత్తుపిండి కలుపుతూ ఖేలావన్ పెళ్లాం ఫూల్మతి అతనికి పాఠం చెప్పింది.

"ఏదీ, నేను ఆఫీసర్ని. నీ పేరేంటయ్యా?"

"ఖేలావన్ రవిదాస్, సాహెబ్."

"గొంతులో నార అడ్డం పడిందా? గట్టిగా చెప్పు."

గట్టిగానే చెప్పాడు. గోడ అవతల ముసలాయన, "తెలుసులేవయ్యా, నిన్నెవరు కాదన్నారు" అని నవ్వాడు.

మధ్యాహ్నం ఆఫీసరు వచ్చాడు, వెనకాల హరిహర్. తివారీ మగ్గం దగ్గర చాలాసేపు ఆగాడు. గుడ్డ అంచు వేలితో తడిమాడు. తెగిన పోగుని ఖేలావన్ ఎలా ముడేస్తున్నాడో చూశాడు. ఆ మోతలో చెవి దగ్గరికి వంగి పేరడిగాడు.

"మహేంద్ర తివారీ, సాహెబ్."

ఆలోచించి చెప్పింది కాదు. పదకొండేళ్లుగా ఆ షెడ్డులో పేరడిగితే వచ్చే జవాబదే. దిద్దుకునేలోపు ఇంకో పోగు తెగింది. నడుస్తున్న మగ్గాన్ని వదిలితే ఆ రోజే గేటు బయట. అతను వంగాడు.

తండ్రి తప్పుకుంటే నంబరు కొడుక్కి రావడం మిల్లు ఆనవాయితీ. పని చేతకాని తండ్రుల కొడుకులకు ఇవ్వనని ఆఫీసరు పట్టుబట్టి కూర్చున్నాడు. ఇప్పుడు మెచ్చుకోలుగా కొడుకులున్నారా అని అడిగాడు.

"ఒక్కడున్నాడు, సాహెబ్. బబ్లూ. ఇరవై మూడేళ్లు" అని అసలు తివారీ కొడుకు పేరే చెప్పాడు హరిహర్, ఖేలావన్ వైపు చూడకుండా.

ముడేసి తలెత్తేసరికి ఆఫీసరు నాలుగు మగ్గాల అవతల ఉన్నాడు.

సాయంత్రం ఖేలావన్ సర్దార్ కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"నేను చెప్పించానా నీ చేత? ఇప్పుడు పోయి అబద్ధమాడానంటే తివారీ నంబరూ పోద్ది, నీ పూటా పోద్ది. నోరు మూసుకుని ఉండరా."

ఇంట్లో ఫూల్మతి ఒక్కటే అడిగింది. "చెప్పావా?"

"చెప్పాను."

"ఏ పేరు?"

అతను చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

వారానికి గేటుకి పది పేర్లు అంటించారు. వాటి కింద విడిగా ఒక వరస: మహేంద్ర తివారీ నంబరూ, మగ్గమూ అతని కొడుకు బబ్లూకి.

బబ్లూ నాలుగు రోజులు వచ్చాడు. అయిదో రోజు మంచులో హరిహర్ పిలిచాడు, "బబ్లూ తివారీ." గుంపులో ఒకడు చెయ్యెత్తబోయి, పక్కనున్న ఖేలావన్‌ని చూసి దించేశాడు.

"ఉన్నాను, సర్దార్ జీ" అన్నాడు ఖేలావన్.

ఆ రోజు నుంచి మిల్లు లెక్కలో అతనికి ఇరవై మూడేళ్లు.