బియ్యంలో రాయని పేరు

మొన్న మనవరాలిని ఒకటో తరగతిలో చేర్పించడానికి తణుకులో స్కూలుకి వెళ్ళాం. ఫారం నింపుతున్న గుమాస్తా తలెత్తకుండానే "పాప పేరు చెప్పండమ్మా" అన్నాడు. పక్కనే ఉన్న పిల్ల తల్లి గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చుంది. చివరికి నేనే "హారిక" అని చెప్పాను. ఆ ఒక్క మాటకి నా నోరు చేదైపోయింది.

పిల్ల తల్లి నా చెల్లెలి కూతురు. చెల్లెలు పోయాక, తన నాలుగో ఏట నుంచీ నా దగ్గరే పెరిగింది. నర్సింగ్ చదివి, ఆ పైన రాజమండ్రిలో ఏడాదిన్నర జపాన్ భాష నేర్చుకుంది. జపాన్‌లో ముసలివాళ్ళని ఉంచే ఆశ్రమాల్లో నర్సులు కావాలట. మా ఇంటి తలుపులు, బీరువా, చివరికి ఆవకాయ జాడీ కూడా ఆ అక్షరాల చీటీలతో నిండిపోయాయి. మా వారు పొద్దున్నే కాఫీకి వంటింట్లోకొచ్చి "ఒహాయో" అని పలకరించేవారు. ఆయనకి వచ్చిన జపాన్ భాష మొత్తం అదే. మా అమ్మాయి పరీక్ష ప్యాసయింది. ఒంటరిగా ఎందుకు, పెళ్ళి చేసి పంపుదాం అన్నాం. పెనుగొండ దగ్గర రొయ్యల చెరువులు చేసుకునే కుర్రాడు. ఉద్యోగానికి వాళ్ళూ సరేనన్నారు. వీసా వచ్చిన వారానికి నెల తప్పిందని తెలిసింది. ఆ సాయంత్రం రెండు వైపుల వాళ్ళం కూర్చుని, కానుపయ్యాక వెళ్ళొచ్చులే అని తేల్చేశాం. దాన్ని అడిగినట్టు నాకు గుర్తు లేదు. ఆ ఉద్యోగం ఇంకో పిల్లకి వెళ్ళిపోయింది.

ఏడో నెలలో పురిటికి వచ్చింది. మధ్యాహ్నాలు పాత నోట్సు ముందేసుకుని పేర్లు చదివేది. అన్నీ ఆడపిల్లల పేర్లే, అన్నీ జపాన్ పేర్లే.

"యుకి అంటే మంచు పెద్దమ్మా."

"ఈ ఉక్కపోతలో మంచేంటే?"

"పోనీ హన. పువ్వు."

మన ఉమ అంటే వాళ్ళ భాషలో గుర్రమని చెప్పినప్పుడు, మా వీధిలో ఉన్న ముగ్గురు ఉమలనీ తలుచుకుని ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. అది అంతలా నవ్వగా చూడటం నాకదే ఆఖరు. తర్వాత ఒక పేరు దగ్గర దాని వేలు ఆగిపోయింది.

"హరుక. దూరం అని అర్థం. ఎక్కడో చాలా దూరాన ఉన్నది."

"ఆడపిల్లకి దూరమని పేరేంటే?"

"నేనెలాగూ వెళ్ళలేదు కదా. దాని పేరైనా అక్కడిది ఉండనీ పెద్దమ్మా."

అలాగే పెట్టుకుందువులే అని మాటిచ్చాను.

ఆడపిల్లే పుట్టింది. నక్షత్రానికి 'హ' అక్షరం వచ్చిందని పంతులుగారు చెప్పగానే పిల్ల తల్లి ముఖం వెలిగిపోయింది. బారసాల నాడు వియ్యపురాలు నన్ను పెరట్లోకి పిలిచారు. "వదినగారూ, ఆ నోరు తిరగని పేరేంటండి? నలుగురూ నవ్వరా? హారిక అంటే అక్షరమూ కలుస్తుంది, వినడానికీ బాగుంటుంది. మీరు చెబితే మావాడు కాదనడండి." ఆవిడ గొంతు కూడా పెంచలేదు, నవ్వుతూనే అన్నారు. ఇంటినిండా చుట్టాలు, గొడవెందుకనిపించింది. పీటల మీద కూర్చున్న అల్లుడి వెనక్కి వెళ్ళి వంగి, "హారిక అనే రాసెయ్యండి బాబూ, ఎంత తేడా కనుక" అన్నాను.

అతను భార్య వైపు ఒక్కసారి చూసి, పళ్ళెంలోని బియ్యంలో ఉంగరంతో హారిక అని రాశాడు. ఒళ్ళో పిల్లతో అది వంగి చదువుకుంది. ఏడవలేదు. "ఎవరు చెప్పారు?" అని మాత్రం మెల్లిగా అడిగింది. అతను నా వైపు చూశాడు.

అది ఇప్పుడు తణుకులోనే ఒక నర్సింగ్ హోంలో పని చేస్తోంది. నన్ను బాగానే చూసుకుంటుంది. నా బీపీ మాత్రలు ఏ నెలా మర్చిపోదు. కూతుర్ని పాపా అంటుంది, అమ్మలూ అంటుంది, కోపమొస్తే ఏయ్ అంటుంది. హారిక అని దాని నోట నేనింతవరకూ వినలేదు. ఒకసారి ధైర్యం చేసి, "ఇంట్లోనైనా హరుక అని పిలుచుకోవే, ఎవరు కాదంటారు?" అన్నాను. మడత పెడుతున్న బట్టల మీంచి చూపు కూడా తిప్పలేదు.

"వద్దులే పెద్దమ్మా. ఆ భాష మర్చిపోయాను" అంది.

కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయని నలుగురికీ చెప్పే వయసు నాది. దాని ముందు మాత్రం ఆ మాట అనలేను. ఆరేళ్ళు గడిచాయి, సర్దుకుపోయింది అదొక్కతే.