తూకం వేయనిదే ప్రొపెల్లర్ ఇవ్వడు

కాటా బాబాయ్‌కి ఒకటే పిచ్చి. పడవ ఎక్కేవాళ్ళను తూకం వేయనిదే ఎవరికీ ప్రొపెల్లర్ అమ్మడు. కొట్టు గుమ్మంలోనే పెద్ద కాటా. వచ్చినవాడు ముందు దాని మీద నిలబడాలి. తర్వాత వాడి భార్య, పిల్లలు, టిఫిన్ క్యారియర్, చివరికి కుక్క కూడా. ఒకసారి కొత్త దంపతులు వస్తే, "రెండేళ్ళకి ఎంతమందవుతారు?" అని అడిగాడు. ఆ అమ్మాయి సిగ్గుతో బయటికి పరిగెత్తింది.

ఇలాంటి మనిషి దగ్గరికి పళ్ళ డాక్టరు వచ్చిపడ్డాడు. ఆదివారాల్లో అతనికి పడవ పందెం, సరస్సు అవతలి ఒడ్డు దాకా వెళ్ళి రావాలి. మూడు ఆదివారాలుగా తోడల్లుడి చేతిలో ఓడిపోతున్నాడు. ఓడినప్పుడల్లా తోడల్లుడు ఒడ్డున నిలబడి తీరిగ్గా ఆవలిస్తాడు. ఇక వారమంతా పేషెంట్ నోరు తెరిస్తే చాలు, డాక్టరుకు ఒళ్ళు మండిపోతోంది.

"బాబాయ్, నాకు వేగం కావాలి. పదమూడు పిచ్‌ది బిగించు."

పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే పడవ ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలన్న లెక్క. అంకె పెద్దదైతే వేగం, చిన్నదైతే బరువు లాగే సత్తా.

"ముందు కాటా ఎక్కు. అరవై రెండు. ఇంకెవరు?"

"నేనొక్కణ్ణే."

"మీ ఆవిడ?"

"నీళ్ళంటే భయం."

"మీ మామగారు?"

"ఆయనా! ఆయనెక్కితే పడవ కదిలినట్టే. ఒడ్డున కూర్చుని ఈల ఊదుతారు, పందెం మొదలెట్టడానికి."

"ఈల ఊదడమంటే అంత సరదానా ఆయనకి?"

"ఏమో, ఎప్పుడూ అడగలేదు."

బాబాయ్ గడ్డం గోక్కుని, లోపలి నుంచి ఒకటి తెచ్చి, తనే బిగించి పంపాడు.

ఆదివారం ఇంజన్ ఊరంతా వినబడేలా గోలపెట్టింది. పడవ మాత్రం షికారుకు బయల్దేరినట్టు నడిచింది. తోడల్లుడు ఈసారి రెండుసార్లు ఆవలించాడు. డాక్టరు వంగి ప్రొపెల్లర్ మీది అంకె చూసుకుని, తిన్నగా కొట్టు మీద పడ్డాడు.

"పది పిచ్‌ది అంటగడతావా! నలుగురిలో నా పరువు తీశావు!"

"ప్రొపెల్లర్ సరైనదే. పడవలోనే నూట ఎనిమిది కిలోలు తక్కువ."

"నూట ఎనిమిదా! ఎవరది?"

"మీ మామగారు. ప్రతి శనివారం వచ్చి కాటా ఎక్కుతారు. 'కాస్త తగ్గాను, ఇప్పుడు అల్లుళ్ళ పడవ ఎక్కొచ్చా?' అని అడుగుతారు. మిమ్మల్ని అడగడానికి ఆయనకి మొహమాటం. వినీ వినీ నా ప్రాణం ఉసూరుమంటోందయ్యా. నీకు పదమూడే కావాలంటే ఇదిగో, ఇప్పుడే మార్చేస్తా."

డాక్టరుకు చచ్చేంత సిగ్గేసింది. చేతిలో ప్రొపెల్లర్ పట్టుకుని నిలబడ్డ బాబాయ్‌ని చూసి, "వద్దులే" అని మెల్లగా అన్నాడు.

మరుసటి ఆదివారం ఈల మామగారి పెద్దకూతురు ఊదింది. మామగారు డాక్టరు పడవలో ముందు కూర్చున్నారు. ఇంజన్ బుద్ధిగా పనిచేసింది. నీళ్ళు మొహాన కొడుతుంటే ఆయన పగలబడి నవ్వుతూ, "బాబూ, ఇంకో చుట్టు తిప్పండి!" అన్నారు. తిప్పాడు. మరో చుట్టూ తిప్పాడు. అసలు పందెం సంగతే మరిచిపోయాడు.

తోడల్లుడు ఎప్పుడో గెలిచి ఒడ్డున నిలబడ్డాడు. పలకరించే దిక్కు లేదు. ఉండబట్టలేక, "వచ్చే వారం మామగారు నా పడవలో!" అని అరిచాడు.

"నీ ప్రొపెల్లర్ ఆయన్ని లాగలేదు అన్నయ్యా, ముందెళ్ళి మార్పించుకో!" అన్నాడు డాక్టరు.

"తొందరేం లేదు, నిదానంగా మార్పించుకోండి," అన్నారు మామగారు, సీటులో ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ. "అప్పటిదాకా నేను ఈ పడవ దిగను."