ఒక చెవికే అందిన అక్క కథలు

మా పెద్దక్క కథలు మిరపకాయల షెడ్డుల్లో ఆడవాళ్ళకి ఎక్కలేదనీ, ఆవిడ చెప్పే తీరు పాతబడిపోయిందనీ ఇన్నాళ్ళూ నలుగురికీ చెబుతూ వచ్చినవాణ్ణి నేనే. అది నిజం కాదు. కథలు బాగానే ఉన్నాయి. వాటిని చెడగొట్టింది నేను.

చిలకలూరిపేట దగ్గర నాకు ఎరువుల కొట్టు ఉంది. కొట్టు వెనక గది గోడలకి పాత దుప్పట్లు వేలాడదీసి దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాను. టీచరుగా రిటైరైన అక్క అక్కడ కూర్చుని కథలు చెప్పేది. కథ అన్నాక ఎదురుగా ఎవరో ఒకరు ఊ కొట్టాలి, లేకపోతే ఆవిడకి ముందుకు సాగదు. ఆ పని నాది. ఊ కొట్టేవాడికి మైకు ఎందుకని ఎవరికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. ఆవిడకొకటి, నాకొకటి కొన్నాను. అందులో ఖరీదైనది నా ముందు పెట్టుకున్నాను. ఆవిడ గొంతు మొత్తం ఎడమ చెవికి వెళ్ళే చానల్లో, నా గొంతు మొత్తం కుడి చెవికి వెళ్ళే చానల్లో ఉంచి, స్టీరియో అంటే ఇదీ అని మురిసిపోయాను.

నాలాంటి సౌండు పిచ్చివాళ్ళు కొందరు ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. ఫైళ్ళు అక్కడ పెట్టగానే "అన్నా, హెడ్‌ఫోన్సులో అదిరింది, ఎదురెదురుగా కూర్చోబెట్టేశావు!" అన్నారు. కథలో ఏం జరిగిందో వాళ్ళలో ఒక్కడూ చెప్పలేడు. వాళ్ళ మెచ్చుకోలే నాకు బిరుదైంది.

ఆ ఫైళ్ళు ఎవరో రైతు ఫోన్లోంచి కోల్డ్ స్టోరేజీ పక్కన షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ దాకా చేరాయి. ఒకరోజు వాళ్ళలో ఒకావిడ కొట్టుకొచ్చింది.

"ఏమండీ, కథలు పెట్టేది మీరేనంటగా?"

"నేనే. ఎట్టా ఉన్నాయమ్మా?"

"మా తోటికోడలు బాగున్నాయంటదండీ. నాకేమో ఎవరో మగమనిషి ఊ, ఊ అని మూలుగుతా వినపడతాడు. ఒంట్లో బాగోలేదేమో పాపం."

కొట్టులో ఉన్న రైతులు పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"కథ వినాలంటే కాస్త ఓపిక ఉండాలమ్మా."

"ఓపిక లేకపోతే పొద్దస్తమానం తొడిమలు తీస్తామా?" అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆమె చెప్పినదాంట్లో విషయం ఏమిటో ఆలోచించాల్సింది పోయి, ఆ జనానికి కథ తలకెక్కదని గ్రూపులో రాశాను. అక్కతో ఇంకా తెలివిగా చెప్పాను: "నీ భాష వాళ్ళకి పాతగా ఉందంటక్కా." అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పిల్లలకి చెప్పిన నోరు కదరా, పెద్దవాళ్ళకి పనికిరాదేమో" అంది. మళ్ళీ ఆ గదిలోకి రాలేదు.

మొన్న కొట్టు రద్దీగా ఉన్నప్పుడు, వచ్చేవాళ్ళ మాట వినపడాలని ఒక చెవిలోనే ఇయర్‌ఫోను పెట్టుకుని అక్క కథ ఒకటి పెట్టాను. అది కుడి చెవి. అక్క లేదు. ఊ. కాసేపు నిశ్శబ్దం. ఊ. తర్వాత? ఊ. ఎంత గంభీరంగా కొట్టానో! షెడ్డులో ఇద్దరిద్దరు ఒకే జత ఇయర్‌ఫోన్లు పంచుకుని చెరొకటి చెవిలో పెట్టుకుంటారన్న సంగతి అప్పుడు తట్టింది. తోటికోడలికి కథ అందింది, ఈవిడకి నేను అందాను.

సరిచేయడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. సాఫ్ట్‌వేరులో ట్రాకుని ఎంచుకుని స్టీరియో నుంచి మోనోకి అన్న చోట నొక్కితే తెర మీద మా గొంతుల రెండు గీతలూ ఒకటవుతాయి, రెండు చెవులకీ అంతా వినపడుతుంది. నొక్కాను. ఇప్పుడు నా ఊ అక్క మాటల మీద కూర్చుంది, ఖరీదైన మైకు కదా! వెనక్కి వెళ్ళి, చానళ్ళు విడదీసి, నన్ను బాగా తగ్గించి మళ్ళీ కలిపాను. గ్రూపులో పెడితే ఒకడు "ఎఫెక్టు పోయిందన్నా" అని బాధపడ్డాడు.

అక్కకి జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"ఓపిక లేదన్నావే, ఆవిడకి చెప్పావా?"

"లేదక్కా."

"మరి నాకు చెప్తే ఏం లాభంరా? పద, నేనూ వస్తా."

షెడ్డులో ఘాటుకి నాకు దగ్గు ఆగలేదు. ఆ రోజు కొట్టుకొచ్చినావిడ ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందకి లాగి నన్ను చూసింది. తప్పు నాదేనని, ఫైలు నేనే చెడగొట్టానని అందరి ముందూ దగ్గుతూనే చెప్పాను. "అయితే మూలిగింది మీరా!" అందావిడ. షెడ్డంతా నవ్వు. అక్క కూడా నవ్వింది.

"ఆ కథ మొదట్నించీ చెప్పండమ్మా, నాకు ఒక్క ముక్కా తెలీదు" అని ఆవిడ పక్కకి జరిగి చోటిచ్చింది. అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుని కుప్ప పక్కన కూర్చుంది, ఒక మిరపకాయ చేతిలోకి తీసుకుంది, మొదలుపెట్టింది.

నేను జేబులోంచి ఫోను తీశాను.

"లోపల పెట్టు" అంది అక్క, నా వైపు చూడకుండానే.